గోడకు పెట్టిన నగ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దవాళ్ళు. పాత ఇల్లు బాగుచేసి చూడు అని మూడో మాట కూడా కలిపి ఉంటే నాలాంటివాళ్ళం ముందే జాగ్రత్తపడి ఉండేవాళ్ళం. బహుశా ఆ సామెత పుట్టేనాటికి ఇళ్ళన్నీ కొత్తవే అయ్యుంటాయి.

రెండేళ్ళ కిందట వేసవిలో బందరులోని మా అత్తవారింటికి మరమ్మతులు పెట్టుకున్నాం. మా మామగారి తండ్రి 1936లో కట్టించిన ఇల్లు అది. ఇటుకా సున్నమూ గోడలు, టేకు దూలాలు, పైన మద్రాసు టెర్రాసు మిద్దె. 1977 నవంబరులో దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన రాత్రి వీధిలో సగం మంది ఆ ఇంట్లోనే తలదాచుకున్నారని అత్తయ్య ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆవిడ ఆ ఇల్లు వదిలి విజయవాడ మా దగ్గరికి రానంది. ఒంటరిగా ఎలా ఉంచడం? ముందు భాగం ఎవరైనా సంసారులకి అద్దెకిస్తే ఆవిడకి మనిషి తోడుంటుంది, నాలుగు రూపాయలూ వస్తాయి అని మా ఆలోచన.

ముందు హాలులో గోడలూ కప్పూ కలిసేచోట చుట్టూరా గచ్చుతో తీసిన కార్నీసు ఉంది. అడుగున సన్నటి గీత, దాని మీద లోపలికి ఒంగిన గాడి, ఆపైన గుండ్రటి గట్టు. దుమ్ము పట్టి, వెల్ల మీద వెల్ల పడి, అసలు రూపం సగం మాసిపోయింది గానీ, పొద్దున్నే కిటికీలోంచి ఏటవాలుగా వెలుతురు పడితే ఆ మూడు వరసలూ వీణ తీగల్లా కనిపిస్తాయి. దక్షిణపు గోడ మీద మాత్రం ఎనిమిది అడుగుల మేర ఊడి రాలిపోయింది. పన్ను ఊడిన నోటిలా ఉండేది ఆ గోడ.

ఆ ఎనిమిది అడుగులూ పూడ్చడానికి నేను పడిన పాట్లు ఒక ఎత్తు. పూడ్చబోతే ఎదురైన ప్రశ్న ఇంకో ఎత్తు.

మొదట్లో నాకు ఈ పట్టీలూ గాడులూ ఉత్త ఆర్భాటం అనిపించేవి. డబ్బున్నవాడు గోడక్కూడా నగలు పెట్టాడు అనుకునేదాన్ని. కాస్త కదిపి చూస్తే సంగతి అది కాదు. గోడ ఒక పదార్థం, కప్పు ఒక పదార్థం. ఎండకి ఒకటి ఒకలా సాగుతుంది, ఇంకోటి ఇంకోలా ముడుచుకుంటుంది. రెండూ కలిసేచోట సన్నటి నెర్రె రాక తప్పదు. కార్నీసు ఆ నెర్రెని కప్పుతుంది. నేల దగ్గరి స్కర్టింగు చీపురు దెబ్బల్నీ తడిగుడ్డ మురికినీ కాస్తుంది. నడుమెత్తున వేసే పట్టీ కుర్చీ వీపు గోడని గీకకుండా ఆపుతుంది. దానికంటే పైన పటాల పట్టీ ఉంటే, దాని కొక్కేలకి పటాలు తగిలించుకోవచ్చు, గోడ నిండా మేకులు దిగ్గొట్టక్కర్లేదు. ద్వారబంధానికీ గోడకీ మధ్య సందుని బీడింగు మూస్తుంది. అంటే ప్రతి అలంకారం కిందా ఒక అవసరం ఉందన్నమాట.

ఇందులో మనకి కొత్తేముంది? నేత చీరకి అంచు గట్టిగా ఎందుకు నేస్తారు? నేలకి రాసుకునేదీ, ముందుగా చిరిగేదీ అదే కనుక. గట్టిగా నేసిన చోట రంగు మార్చారు, ఆ రంగు మీద రుద్రాక్షలూ హంసలూ వచ్చాయి. పల్లెటూళ్ళలో తెల్లటి గోడ అడుగున జాజుతో ఎర్రటి పట్టీ తీస్తారు కదా, వాన చినుకులకి లేచిన మట్టి మరక దానిలో కలిసిపోతుంది. చూసేవాళ్ళకి అందం, ఇంటావిడకి చాకిరీ తక్కువ.

యూరప్‌లో ఈ విద్యకి లెక్కలున్నాయి. గోడని ఒక స్తంభంలాగా భావించారు వాళ్ళు. స్తంభానికి అడుగున పీఠం, మధ్య ఒళ్ళు, పైన శిరస్సు. గోడకీ అంతే. కింద స్కర్టింగూ, నడుము పట్టీ కలిసి పీఠం, పైన కార్నీసు శిరస్సు. అందుకే ఎత్తయిన గదికి సన్నటి కార్నీసు పెడితే పెద్ద తలకి పిల్లాడి టోపీ పెట్టినట్టుంటుంది. పొట్టి గదికి పెద్దది పెడితే గది నెత్తిన బరువు మోస్తున్నట్టుంటుంది. దొరల బంగళాల్లో ఇవి చూసిన మన మేస్త్రీలు, మనవాళ్ళ మిద్దెలకీ చేసి పెట్టారు. అచ్చులో పోసినవి కావవి. కావలసిన వంపులన్నీ ఒక ఇనుపరేకులో కత్తిరించి, దాన్ని చెక్కకి బిగించి, తడి గచ్చు మీద గోడ పొడవునా లాగేవారు. గచ్చు వేస్తూ, లాగుతూ, మళ్ళీ వేస్తూ, మళ్ళీ లాగుతూ ఉంటే రేకులో ఉన్న వంపులు గోడ మీదికి దిగేవి. బెల్లమూ కరక్కాయ నీళ్ళూ కలిపి మగ్గబెట్టిన సున్నం అది. తొంభయ్యేళ్ళు కావస్తున్నా మిగతా మూడు గోడల మీదా బెత్తెడు రాలలేదు.

ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు దొరకరని అందరూ చెప్పారు. విజయవాడలో ఒక దుకాణానికి వెళ్ళాను, సెల్‌ఫోనులో మా గోడ ఫొటో పట్టుకుని.

కొట్లో కుర్రాడు నా ముందు మూడు రకాలు పరిచాడు. ఒకటి టేకు బీడింగు. అందం సరే, సున్నపు గోడకి అంత బరువు ఏ మేకు మోస్తుంది? రెండోది పీవోపీ. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అన్న పేరు పారిస్‌లోని మొంమార్త్ర గుట్ట దగ్గర తవ్విన జిప్సం వల్ల వచ్చింది. ఆ రాయిని కాల్చి పొడిచేస్తే నీళ్ళు తగలగానే గట్టిపడుతుంది. నున్నగా, తెల్లగా, చవగ్గా ఉంటుంది. కానీ తేమంటే దానికి పడదు. సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారే ఊరు మాది. మూడోది పాలీయూరిథేన్ నురగతో అచ్చుపోసిన పట్టీ. ఎనిమిది అడుగుల ముక్కని చంటిపిల్లాడు కూడా ఎత్తగలడు. గమ్ముతో అతికించడమే. దానిలో ఒక నమూనా దాదాపు మా కార్నీసులాగే ఉంది, గాడి కాస్త లోతు తక్కువ.

"రంగేశాక కనిపెట్టలేరు మేడమ్" అన్నాడు కుర్రాడు. అంతటితో ఊరుకోకుండా ఫొటో పెద్దది చేసి, కిటికీ మూల నుంచి పైకి పాకిన నల్లటి గీత చూశాడు. "ఇది పగులు కదండీ? దీనికి భలే ఉపాయం ఉంది. గోడ మీద బీడింగుతో పెద్ద చట్రం కట్టించి లోపల వాల్‌పేపర్ అంటించేయండి. ఇప్పుడు అందరూ చేయిస్తున్నదే. పగులు కాదు కదా, గోడ ఉన్నట్టే తెలీదు."

నవ్వొచ్చింది గానీ, బీడింగు కూడా కొన్నాను. ఆ పట్టీలతో ఆటోలో బస్టాండుకీ, బస్సులో బందరుకీ చేరాను. వెనక సీటాయన, "అమ్మా, ఆ ఈటె కాస్త అటు తిప్పండి" అన్నాడు దారిలో.

బస్సులో నాకు రస్కిన్ గుర్తుకొచ్చాడు. బి.ఎ.లో ఎవరో లెక్చరరు చెప్పగా మొక్కుబడిగా చదివి, పరీక్ష రాసి మరిచిపోయిన మనిషి. జాన్ రస్కిన్ 1849లో 'ది సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్' అని భవన నిర్మాణం మీద పుస్తకం రాశాడు. ఏడు దీపాల్లో ఒకటి సత్యం. చెక్కకి రంగేసి చలవరాయి అనిపించడం, మోయని స్తంభాన్ని మోస్తున్నట్టు నిలబెట్టడం, ఇవన్నీ ఆయన దృష్టిలో అబద్ధాలు. మరి ఎనభయ్యేళ్ళ గచ్చు పక్కన నిన్నగాక మొన్న అచ్చుపోసిన నురగ పెట్టి, రెంటికీ ఒకే రంగేసేదాన్ని నేను. నా మాటేమిటి?

అయితే అదే పుస్తకంలో ఆయన ఒక వెసులుబాటు ఇచ్చాడు. భవనానికి బంగారు పూత పూస్తే అది మోసం కాదట. ఎందుకంటే గోడంతా బంగారంతో కట్టారని చూసేవాడెవడూ అనుకోడు. అదే పూత నగకి పూస్తే మోసం. అక్కడ చూసేవాడు బంగారమనే నమ్ముతాడు కనుక. అంటే అబద్ధం పూతలో లేదు, ఎదుటివాడి నమ్మకంలో ఉంది.

తరవాత వచ్చినవాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. వియన్నాలో ఆడాల్ఫ్ లూస్ అనే ఆయన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అసలు అలంకారమే నేరం అన్నంత పని చేశాడు. ఆ లెక్కన ముత్తయిదువలం అందరం ముద్దాయిలమే! నాకు రస్కినే నయమనిపించాడు. అయినా బందరు బస్సులో కూచుని పూత నగల గురించి ఆలోచించడానికి రస్కిన్ దాకా పోవాలా? చిలకలపూడి ఆ ఊళ్ళోనే ఉందాయె. చిలకలపూడి నగలంటే తెలీని తెలుగు ఆడది ఉంటుందా?

మేస్త్రికి డెబ్భై దాటాయి. మా ఇంటికి గచ్చు చేసిన వాళ్ళలో వాళ్ళ నాన్న కూడా ఉన్నాడట. నేను తెచ్చిన పట్టీని ఒక చేత్తో ఎత్తి, బరువు చూసి, "ఇదేంటమ్మగారూ, అప్పడంలా ఉంది" అన్నాడు.

పని మొదలెట్టాక తెలిసింది, పాతింట్లో తిన్నటిది ఏదీ ఉండదని. మూలమట్టం పెట్టి చూస్తే గోడల మధ్య నా చిటికెన వేలు దూరింది. పట్టీని 45 డిగ్రీల వాలులో కోసి మూలన కలిపితే రెండు ముక్కలూ పొట్లాడుకున్న తోటికోడళ్ళలా చెరో వైపు చూశాయి. మళ్ళీ కోసి, మళ్ళీ పెట్టి, చివరికి ఒక ముక్క కొసని రెండో ముక్క వంపుకి తగ్గట్టు చెక్కి కలిపాడు. ఇక కప్పు సంగతి. రసమట్టం పెడితే ఒక కొసకీ ఇంకో కొసకీ అంగుళం తేడా. దూలం మధ్యలో కాస్త కుంగింది. రసమట్టం ప్రకారం పట్టీ పెడితే పైన సందు కనిపిస్తుంది. కప్పుని అనుసరించి పెడితే పట్టీయే వంకర.

"ఏం చేద్దాం?" అన్నాను.

"సగం దాని మాట విందాం, సగం దీని మాట విందాం. కంటికి తిన్నగా ఉంటే చాలమ్మగారూ. ఇంట్లో ఉండేది మనుషులు గానీ రసమట్టాలు కాదు గదా."

ఆ మాట నాకు నచ్చింది. కొలతకి నిజమైనదీ, కంటికి నిజమైనదీ వేరైనప్పుడు మధ్యస్థంగా సర్దుకోవడం అబద్ధం కాదేమో. కాపురాల్లో మనం రోజూ చేసే పనే అది. మర్యాద అనేది కూడా ఒక కార్నీసే కదా! రెండు రకాల మనుషులు కలిసేచోట నెర్రె ఉండక మానదు. దాని మీద ఒక పలకరింపో, ఒక చిరునవ్వో పట్టీలా వేస్తాం. లోపల నెర్రె ఉందని ఇద్దరికీ తెలుసు. అందుకే అందులో మోసం లేదు.

ఇంత చక్కగా తర్కించుకుని సంతోషిస్తూంటే మేస్త్రి దక్షిణపు గోడ దగ్గరికి వెళ్ళాడు. తాపీ పిడితో కొట్టి చూశాడు. డొల్ల చప్పుడు. వదులుగా ఉన్న గచ్చు గీకేశాడు. కిటికీ పైమూల నుంచి కప్పు దాకా మెట్లు మెట్లుగా ఇటుకల సందుల్లోంచి పాకింది పగులు. పావలా నిలువుగా దూరేంత ఉంది.

"కార్నీసు దానంతటది రాలలేదమ్మగారూ. గోడ కదిలి రాల్చింది" అన్నాడు. "కదిలి ఆగిందో, ఇంకా కదులుతోందో చూడాలి."

ఎలా చూస్తారో అప్పుడే తెలిసింది నాకు. పగులుకి అడ్డంగా అరచేయంత పీవోపీ బిళ్ళ ఒకటి వేశాడు. ఆరాక నా చేత పెన్సిలుతో తేదీ రాయించాడు. గోడ కదలకుండా ఉంటే బిళ్ళ అలాగే ఉంటుంది. కదిలితే మొదట చిట్లేది అదే. గాజు ముక్క అతికించి కూడా ఇలాగే కనిపెడతారట. తేమకి పనికిరాదని నేను తెచ్చుకోని పీవోపీ, పగులు దాచడానికి అందరూ వాడే పీవోపీ, ఆ గోడ మీద కాపలా కూచుంది.

ఆ ఆదివారం మావారూ, మా మరిదీ వచ్చారు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు భార్యతో ఇల్లు చూడడానికి వస్తున్నాడని కబురు. నెలకి పన్నెండు వేలు మాట్లాడుకున్నారు.

"బిళ్ళేమిటి వదినా, కట్టు కట్టిన రోగిలా! చట్రం బిగించేసి వాల్‌పేపర్ అంటించేద్దాం, బీడింగు తెచ్చావుగా" అన్నాడు మరిది.

"కదులుతోందో లేదో తెలీకుండానా?"

"తొంభయ్యేళ్ళు నిలబడ్డ గోడ ఇవాళ పడుతుందా?" అన్నారు మావారు. "ప్రతి ఇంటికీ ఏదో ఒకటి ఉంటుంది. అన్నీ చెప్పుకుంటూ కూచుంటే అద్దెకి ఎవరొస్తారు? అయినా నువ్వు నవలలు రాస్తావు, అందులో ఉన్నవన్నీ నిజాలేనా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా నవలల గురించి వేసిన ప్రశ్నల్లో ఇదొక్కటే గట్టి ప్రశ్న. వెంటనే జవాబు తోచలేదు. కాసేపాగి, "అట్ట మీద నవల అని రాసే ఇస్తానండీ" అన్నాను. ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ పూర్తిగా గట్టిపడలేదు. పన్నెండు వేలంటే మాకు చిన్న మాట కాదు. పైగా వాళ్ళన్నదాంట్లో అబద్ధమేముంది? గోడ పడకపోవచ్చు. బహుశా పడదు. ఆ 'బహుశా' మీద ఎంతమంది నిశ్చింతగా నిద్రపోవడం లేదు?

అప్పటిదాకా ఒత్తులు చేసుకుంటున్న అత్తయ్య లేచి లోపలికి వెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చింది. విప్పితే కాసులపేరు. పచ్చగా మెరుస్తోంది, అక్కడక్కడా రాగి బయటపడింది.

"చిలకలపూడిది" అంది. "నా పెళ్ళికి మా నాన్న పెట్టాడు. ఆ యేడు పంట పోయింది. పీటల మీద కూచోకముందే మా మామగారితో చెప్పేశాడు. బావగారూ, ఇది చిలకలపూడి సరుకు, పంట చేతికొచ్చాక అసలుది పెట్టుకుంటాను అని. ఆయన నవ్వి, పిల్ల బంగారం చాల్లెండి బావగారూ అన్నాడు. ఎన్ని పేరంటాలకి పెట్టుకున్నానో దీన్ని! ఒక్కనాడు సిగ్గుపడలేదు."

కాస్త ఆగింది.

"మీ ఆడపడుచు పెళ్ళికి ఇదే దాని మెళ్ళో వేశాను. అప్పుడు చేతిలో డబ్బు లేదు. వియ్యాలవారికి చెప్పలేదు. అడిగితే చెబుదాంలే అనుకున్నాను. వాళ్ళు అడగలేదు, నమ్మారు. మూడో నెల్లో తెలిసింది. నన్నెవరూ ఏమీ అనలేదు. అది పడింది పదేళ్ళపాటు ఆ మాటలన్నీ." మూట మళ్ళీ కట్టేసింది. "అదే గొలుసమ్మాయ్. మా నాన్న పెట్టినప్పుడు నగ. నేను పెట్టినప్పుడు కాదు."

మా మరిది కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. మావారు బీడింగు కట్ట తీసి మూలన పెట్టేశారు.

ఆ సాయంత్రం వాళ్ళొచ్చారు. అమ్మాయి చిన్నది, పాతికేళ్ళుంటాయేమో, నాలుగేళ్ళ పాప కూడా ఉంది. హాలులోకి వస్తూనే తలెత్తి, "అబ్బ, ఎంత బావుందో ఆంటీ, సినిమాల్లో ఇల్లులా" అంది. ఆంటీ అన్నందుకు ఇంకోసారైతే నొచ్చుకునేదాన్ని. పాప దక్షిణపు కిటికీ ఎక్కి కూచుంది. అక్కడ గాలి బాగా వస్తుంది. "పాప మంచం ఇక్కడ వేద్దామండీ" అంది అమ్మాయి భర్తతో. నేను పైకి చూశాను. మంచం వేస్తామన్న చోటికి సూటిగా పైన ఉంది ఆ బిళ్ళ.

చెప్పేశాను. పగులు సంగతీ, బిళ్ళ సంగతీ, ఒక వానాకాలం గడిస్తే గానీ తెలీదన్న సంగతీ. కావాలంటే ఈలోగా పక్కగదులు వాడుకోవచ్చు, అద్దె తగ్గిస్తాం అని కూడా అన్నాను. భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. "ఆలోచించుకుని చెబుతామండీ" అన్నాడు అతను మర్యాదగా. ఆ ఆలోచన ఇప్పటికీ పూర్తికాలేదు.

ఇల్లు ఆరు నెలలు ఖాళీగా ఉంది. ఒకటో తారీఖు వచ్చినప్పుడల్లా మావారు నా మొహంకేసి చూసి ఏమీ అనకుండా పేపరు తిరగేసేవారు. సత్యం పలికితే పూలవాన కురుస్తుందని పురాణాల్లో చదువుకున్నాం గానీ, పన్నెండార్ల డెబ్భై రెండు వేలు పోతాయని ఎవరూ రాయలేదు.

శ్రావణంలో అత్తయ్య ఫోను చేసింది, బిళ్ళ మీద వెంట్రుకవాసి గీత పడిందని. మేస్త్రి వచ్చి ఇంటి చుట్టూ తిరిగి చూశాడు. మిద్దె మీది నీళ్ళు దింపే తూము గొట్టం అడుగున పగిలి, ఎన్నేళ్ళుగానో ఆ మూల పునాదిలోకే నీళ్ళు పోస్తోంది. మా వైపు నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఒక్క మూల మాత్రమే అలా ఉబ్బుతూ కుంగుతూ ఉంటే గోడ ఏంచేస్తుంది పాపం! గొట్టం మార్చి నీళ్ళు దూరంగా మళ్ళించాం. పగులుకి అటూ ఇటూ పాత ఇటుకలు ఒక్కొక్కటే తీసి, అడ్డంగా కొత్తవి కూర్చి, సున్నంతోనే అల్లాడు మేస్త్రి. సిమెంటు వద్దన్నాడు. సున్నపు గోడ ఊపిరి పీల్చుకుంటుందట, మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక ఉప్పు పొంగి ఇటుకే పొడైపోతుందట. గోడకి కుట్లు వేసినట్టుంది ఆ పని. దాని మీద ఇంకో బిళ్ళ వేసి, మళ్ళీ తేదీ రాశాం.

చట్రమే కట్టించి ఉంటే ఆ గీత ఎవరికంట పడేది? పడకపోతే తూము సంగతి ఎవరు చూసేవారు? పగులు దాస్తే మోసపోయేది పైవాళ్ళేనని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ముందు మోసపోయేది ఇంటివాళ్ళేనని ఆలస్యంగా అర్థమైంది. ఇంటివాడు కూడా తన చట్రం చూసి తానే నమ్మడం మొదలెడతాడు.

అతుకుని కప్పడం వేరు, పగులుని కప్పడం వేరు. గోడా కప్పూ కలిసేచోట అతుకుంటుందని లోకానికంతా తెలుసు. దాని మీద ఎంత అందమైన పట్టీ వేసుకున్నా ఎవరికీ నష్టం లేదు. పగులు సంగతి అలా కాదు. దాని కింద ఎవరో మంచం వేసుకుంటారు. మనుషుల విషయంలోనూ నేనీ తేడా ఇన్నేళ్ళుగా సరిగ్గా పాటించలేదనే అనిపిస్తుంది. చెప్పక్కర్లేని నెర్రెలన్నీ విప్పి చెప్పుకుని నొప్పించాను కొందరిని. చెప్పి తీరాల్సిన పగుళ్ళ మీద నవ్వులు పూసి ఊరుకున్నాను ఇంకొన్నిచోట్ల. పాపం కొట్లో కుర్రాడికేం తెలుసు, అమ్మిన పట్టీ ఏది కప్పుతుందో అది మన చేతిలో ఉన్న సంగతి.

చివరికి ఆ ఎనిమిది అడుగుల పట్టీ అతికించాం. పాత గచ్చూ కొత్త పట్టీ కలిసేచోట సన్నటి గాడి ఒకటి వదిలెయ్యమన్నాను. మేస్త్రికి నచ్చలేదు. "రంగులో కలిపేస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు కదమ్మగారూ" అన్నాడు. పాత కట్టడాల సంరక్షకులు 1964లో వెనిస్ నగరంలో కలిసి రాసుకున్న ఒడంబడికలో ఒక నియమం ఉంది. పోయిన భాగాన్ని పూరిస్తే మొత్తంతో పొందిగ్గా కలవాలి, కానీ పాతదేదో కొత్తదేదో చూస్తే తెలియాలి అని. అదంతా మేస్త్రికి చెప్పలేదు. "మీ నాన్న పని ఎక్కడిదాకానో తెలియాలి కదా" అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా గాడి వదిలాడు.

మిగిలిన బీడింగుతో అత్తయ్య మామగారి ఫొటోకి కొత్త చట్రం కట్టించింది.

సంక్రాంతి వెళ్ళాక ఒక టీచరమ్మ, ఆవిడ తల్లీ అద్దెకి దిగారు. కథంతా చెప్పే ఇచ్చాం, పదకొండు వేలకి. రెండో బిళ్ళకి ఏడాది నిండింది, ఎక్కడా గీత పడలేదు. మొన్న వెళ్ళినప్పుడు మావారు నిచ్చెన వేయించి, "ఇక దీన్ని గీకించేసి రంగేయిద్దాం, గోడంతా బావుంది, ఇదొక్కటే మచ్చలా ఉంది" అన్నారు.

అత్తయ్య తలెత్తి కాసేపు చూసింది.

"ఉండనీరా" అంది. "దిష్టిచుక్కలా ఉంది."